కంచెకు ముళ్ళెందుకు?

"మనిషి కటువేగానీ మనసు వెన్నండీ!" అని మనం ఎంతమంది గురించి చెబుతూంటామో లెక్కలేదు. పెళ్ళిసంబంధం మాట్లాడేటప్పుడు కాబోయే అత్తగారి గురించి చెబుతాం. కొత్త వూరికి బదిలీ అయినప్పుడు పై ఆఫీసరు గురించి చెబుతాం. పిల్లాణ్ణి చేర్పించేటప్పుడు లెక్కల మాస్టారి గురించి చెబుతాం. ఈ మాటలో సగం ఓదార్పు, సగం హెచ్చరిక. వెన్న సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు కటువుతనాన్ని భరించమ్మా అని దాని అర్థం. చాలామంది భరిస్తారు. కొందరికి వెన్న కనిపిస్తుంది. కొందరికి కవ్వం దెబ్బలే మిగులుతాయి.

నాకు చాలాకాలంగా ఒక సందేహం. కటువుతనం అనేది గుణమా, దోషమా? గుణమైతే పిల్లలకి ఎందుకు నేర్పం? దోషమైతే పెద్దవాళ్ళలో ఎందుకు మెచ్చుకుంటాం?

దీనికి ఉదాహరణగా దుర్వాసుణ్ణో విశ్వామిత్రుణ్ణో తెచ్చుకోవచ్చు. కానీ వాళ్ళ కోపం వెనక తపశ్శక్తి వుంది. మనలాగా జీతానికి పనిచేసే మనిషి అయితే బావుంటుంది. నాకు జాక్ చార్ల్‌టన్ గుర్తుకొస్తాడు. ఇంగ్లండు ఫుట్‌బాల్ ఆటగాడు, ఆ తర్వాత మేనేజరు. "ఫుట్‌బాల్ గొడవ మాకెందుకమ్మా" అని పేజీ తిప్పేయకండి. ఈయన కథలో బంతికన్నా ఎక్కువగా ఒక తల్లీ, ఒక తమ్ముడూ, ఒక తాగుడు అలవాటున్న కుర్రవాడూ కనిపిస్తారు.

ఇంగ్లండు ఉత్తరాన యాషింగ్టన్ అనే బొగ్గుగనుల వూళ్ళో 1935 మే 8న జాక్ పుట్టాడు. తండ్రి గనిలో పనివాడు. ఆయనకి ఫుట్‌బాల్ మీద పెద్ద ధ్యాస లేదు. ఆ పిచ్చి అంతా తల్లిది. సిసీ అని పిలిచేవాళ్ళు ఆవిణ్ణి. ఆవిడ అన్నదమ్ములు నలుగురూ జీతానికి ఆడే ఆటగాళ్ళు. మగపిల్లల్తోపాటు తనూ బంతి తన్నేదంటే ఆ రోజుల్లో అమ్మలక్కలు ఏమనుకున్నారో మనం ఊహించుకోవచ్చు. ఆవిడకి నలుగురు కొడుకులు, ఆ నలుగురికీ కలిపి ఒకే మంచం. పెద్దవాడు జాక్. వాడి తర్వాత రెండేళ్ళకి పుట్టినవాడు బాబీ.

బాబీకి ఆట పుట్టుకతోనే వచ్చింది. జాక్‌కి చేపలు పట్టడం, పొలాల వెంట తిరగడం వచ్చింది. ఏ ఇంట్లో అయినా ఇలాంటి జంట వుంటుంది కదూ? ఒకడు చదవకపోయినా ఫస్టు మార్కులు. ఇంకొకడికి తెల్లవారుజామున లేపి చదివించినా పాసు మార్కులు. వచ్చే పోయే చుట్టాలందరూ ఒకణ్ణే దగ్గరికి పిలిచి మాట్లాడతారు. రెండోవాడు గుమ్మం దగ్గర నిలబడి వింటూంటాడు. ఇక్కడ విచిత్రమేమిటంటే, గుమ్మం దగ్గర నిలబడ్డవాడు పెద్దవాడు.

లీడ్స్ అనే వూరి జట్టువాళ్ళు పదిహేనేళ్ళ జాక్‌ని వచ్చి ఆడి చూపించమన్నారు. మొదట వద్దన్నాడు. తండ్రి వెంట గనిలోకి దిగాడు. ఆ చీకటి కొద్దిరోజుల్లోనే వెగటు పుట్టింది. పోలీసు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాడు. పోలీసువాళ్ళ ఇంటర్వ్యూ, లీడ్స్ వాళ్ళ ఆట ఒకేసారి వచ్చిపడ్డాయి. ఆటకి వెళ్ళాడు. ఇక ఇరవై ఏళ్ళ పైచిలుకు ఆ ఒక్క జట్టుకే ఆడాడు, 773 మ్యాచులు!

ఆయన ఆడింది వెనక వరసలో. ఫుట్‌బాల్‌లో గోలు కొట్టేవాళ్ళు కొందరు, గోలు పడకుండా ఆపేవాళ్ళు కొందరు. కొట్టేవాడు తొంభై నిమిషాల్లో ఒక్కసారి కొడితే చాలు, భుజాలమీద ఊరేగిస్తారు. ఆపేవాడు ఎనభైతొమ్మిది నిమిషాలు ఆపి ఒక్క నిమిషం ఏమరితే ఆ ఒక్క నిమిషమే అందరికీ గుర్తుంటుంది. ఈ లెక్క మనకి ఎవరూ నేర్పనక్కర్లేదు. ఏడాదంతా పాలు పొంగకుండా చూసుకున్నందుకు ఏ ఇల్లాలికీ సన్మానం జరగలేదు. పొంగిన రోజు మాత్రం ఇంటిల్లిపాదీ వంటింట్లోకి వచ్చి చూస్తారు.

1966లో ప్రపంచకప్పు ఇంగ్లండులోనే జరిగింది. అన్నదమ్ములిద్దరూ దేశం జట్టులో వున్నారు. పోర్చుగల్‌తో సెమీఫైనల్లో ఇంగ్లండు 2-1తో గెలిచింది. ఇంగ్లండు గోళ్ళు రెండూ బాబీ కొట్టినవి. పోర్చుగల్‌కి వచ్చిన ఆ ఒక్క గోలు జాక్ చేత్తో బంతిని ఆపినందుకు ఇచ్చిన పెనాల్టీ. తండ్రి ఆ మ్యాచి చూడలేదు, గనిలో షిఫ్టు వుందని వెళ్ళిపోయాడు! జూలై 30న పశ్చిమజర్మనీతో ఫైనలు. ఇక గెలిచినట్టే అనుకున్న ఆఖరి క్షణాల్లో జర్మనీ గోలు కొట్టి సమానం చేసింది. జాక్ తప్పు చేశాడని రిఫరీ ఇచ్చిన ఫ్రీకిక్కు నుంచే ఆ గోలు వచ్చింది. ఆట పొడిగించి ఆడారు. ఇంగ్లండు 4-2తో గెలిచింది. ఆట ముగిసిందని ఈల వినపడగానే అంతెత్తు మనిషి మైదానంలో మోకాళ్ళమీద కూలబడిపోయాడు. పొరపాటు తన పేరున చరిత్రలో మిగలబోయి తప్పిపోయినవాడికే ఆ మోకాళ్ళ బలహీనత అర్థమవుతుంది.

అప్పటికి ఆయన దేశానికి ఆడడం మొదలుపెట్టి ఏడాది దాటింది, అంతే. ముప్ఫయ్యేళ్ళు నిండబోతుండగా, 1965లో మొదటిసారి పిలుపు వచ్చింది. నన్నెందుకు తీసుకున్నారని మేనేజరు ఆల్ఫ్ రామ్సేని అడిగాడట. తను ఎప్పుడూ గొప్ప ఆటగాళ్ళనే ఏరుకోననీ, ఒకరికొకరు అతికే జట్టుని కూర్చుకుంటాననీ ఆయన జవాబు చెప్పాడట. పొగడ్తో తెగడ్తో తెలియని ఆ జవాబుని జాక్ జీవితాంతం నవ్వుతూ చెప్పుకున్నాడు.

సరే, కటువుతనం దగ్గరికి వద్దాం. చేను చుట్టూ కంచె వేస్తాం. కంచెకి ముళ్ళుండాలి. మెత్తటి కంచెని చూస్తే పశువులకి నవ్వొస్తుంది. వెనక వరసలో ఆడేవాడు కంచె. ఎదుటివాడికి కాస్త భయం పుట్టించకపోతే అతను తన పని చెయ్యనట్టే. జాక్ ఈ పని పూర్తిగా చేశాడు. పొడుగాటి కాళ్ళతో అడ్డం పడేవాడు, తలతో బంతిని తోసేవాడు, మాటల్తోనూ గుచ్చేవాడు. ఇంతవరకూ నాకు ఆక్షేపణ లేదు. ముల్లు వుండడం కంచె ధర్మం.

కానీ 1970లో ఆయన టెలివిజన్‌లో ఒక మాట అన్నాడు. తన దగ్గర ఒక చిన్న నల్లపుస్తకం వుందనీ, తనని దెబ్బతీసిన ఇద్దరు ముగ్గురి పేర్లు అందులో వున్నాయనీ, అవకాశం వస్తే బాకీ తీర్చుకుంటాననీ ఆ మాటల సారాంశం. పెద్ద గొడవ అయింది. ఫుట్‌బాల్ సంఘంవాళ్ళు విచారణ జరిపి చివరికి శిక్షేమీ వెయ్యలేదు. నిజంగా పుస్తకమంటూ ఏమీ లేదనీ, పేర్లు బుర్రలో మాత్రమే వున్నాయనీ ఆయన తర్వాత చెప్పాడు.

పుస్తకం లేనందువల్ల నాకేమీ ఊరట కలగలేదు. బుర్రలో వున్న పుస్తకమే ప్రమాదమైనది. పారేద్దామన్నా పారెయ్యలేం. ఎవరి పెళ్ళికి ఎవరు రాలేదో, ఎవరు ఏ చీర పెట్టారో, పురిటికి వెళ్ళినప్పుడు వదినగారు ఏమన్నదో, తేదీలతో సహా రాసుకున్న నల్లపుస్తకాలు మన బుర్రల్లో లేవూ? పశువు చేలో పడుతున్నప్పుడు గుచ్చే ముల్లు కాపలా. నిన్న పడ్డ పశువుని గుర్తుపెట్టుకుని రేపు దారిలో వెతికి గుచ్చితే అది కాపలా ఎలా అవుతుంది? కంచె లేచి వీధిలో తిరుగుతున్నట్టు లెక్క. రెండూ చూడడానికి ఒకేలా వుంటాయి. ఒకే ముల్లు, ఒకే నెత్తురు. తేడా అంతా గుచ్చేవాడికి మాత్రమే తెలుస్తుంది. కటువైనవాళ్ళ చిక్కు అదే. వాళ్ళని వాళ్ళే విచారించుకోవాలి.

1973లో ఆట మానేసి జాక్ మేనేజరయ్యాడు. మిడిల్స్‌బరో జట్టుని మొదటి ఏడాదిలోనే పై తరగతికి తీసుకెళ్ళాడు. 1977లో ఇంగ్లండు మేనేజరు ఉద్యోగానికి ఉత్తరం రాస్తే జవాబైనా రాలేదు. కాదని ఒక్క ముక్క రాసివుంటే పోయేది, అదీ లేదు. ప్రపంచకప్పు తెచ్చినవాడికి! 1986లో పక్కదేశం ఐర్లండు పిలిచింది.

ఆ పిలుపు మామూలు విషయం కాదు. ఇంగ్లండుకీ ఐర్లండుకీ మధ్య శతాబ్దాల గాయం వుంది. ఉత్తర ఐర్లండులో ఇంకా తుపాకులు పేలుతున్న రోజులవి. ఇంగ్లీషువాడొచ్చి మాకు నేర్పేదేమిటని అడిగినవాళ్ళు వున్నారు. ఆ దేశం అప్పటిదాకా ప్రపంచకప్పుకిగానీ యూరప్ కప్పుకిగానీ ఒక్కసారీ వెళ్ళలేదు. జాక్ ఏం చేశాడో తెలుసా? అమ్మమ్మల్నీ నాయనమ్మల్నీ వెతికించాడు! తాత, అమ్మమ్మ, నాయనమ్మల్లో ఎవరైనా ఐర్లండులో పుట్టివుంటే ఆ మనవడు ఆ దేశానికి ఆడవచ్చని నియమం వుంది. పొట్టకూటి కోసం ఇంగ్లండుకీ స్కాట్లండుకీ వలసపోయిన ఆడవాళ్ళు, వాళ్ళ పేర్లు ఏ చరిత్రలోనూ లేవు. వాళ్ళ మనవలు ఆకుపచ్చ చొక్కాలు తొడుక్కుని వచ్చారు. 1988 జూన్ 12న స్టుట్‌గార్ట్‌లో ఐర్లండు 1-0తో ఇంగ్లండునే ఓడించింది. గోలు కొట్టిన రే హౌటన్ పుట్టింది స్కాట్లండులో. 1990 ప్రపంచకప్పులో క్వార్టర్ ఫైనలు దాకా వెళ్ళారు. 1994లో అమెరికాలో ఇటలీని 1-0తో ఓడించారు.

మేనేజరుగా కూడా ఆయన కటువే. ఇక్కడ రెండు సంగతులు పక్కపక్కన పెట్టి చూడాలి.

మొదటిది లియమ్ బ్రాడీ సంగతి. ఐర్లండు కన్న అందమైన ఆటగాళ్ళలో ఒకడు. జాక్‌కి ఆ అందంతో పనిలేదు. బంతిని ఎత్తి దూరంగా కొట్టి ఎదుటివాళ్ళని వాళ్ళ గోలు దగ్గరే ఊపిరాడకుండా చెయ్యడం ఆయన పద్ధతి. 1989 సెప్టెంబరులో డబ్లిన్‌లో పశ్చిమజర్మనీతో స్నేహపూర్వక మ్యాచి. ముప్ఫయ్యయిదో నిమిషంలో, సొంత జనం చూస్తుండగా, బ్రాడీని బయటికి పిలిచేశాడు. ఆ తర్వాత బ్రాడీ దేశానికి ఆడడం మానుకున్నాడు.

జట్టుకి అతను పనికిరాడన్న నిర్ణయం సరైనదే కావచ్చు. నేను దాంట్లో తలదూర్చను. కానీ ఇంకో పది నిమిషాలు ఆగితే విరామం. అందరూ లోపలికి వెళతారు. అక్కడ భుజంమీద చెయ్యేసి "ఇక చాలు నాయనా" అని చెబితే తిరిగి మైదానంలోకి రానక్కర్లేదు. కప్పు పోయే మ్యాచి కూడా కాదు. ఆ పది నిమిషాలే నా లెక్కలో కఠినానికీ క్రూరానికీ మధ్య వున్న దూరం. పనిమనిషిని మాన్పించాల్సి రావచ్చు. కోడల్ని మందలించాల్సి రావచ్చు. పరీక్ష తప్పిన పిల్లాడికి నిజం చెప్పాల్సి రావచ్చు. చెప్పాల్సిందే. కానీ చుట్టాలు భోజనానికి కూచున్నప్పుడు చెప్పాలా, వాళ్ళు వెళ్ళాక చెప్పాలా? మాట అదే. పది నిమిషాలు ఆగామా లేదా అన్నది మనని పట్టిస్తుంది.

రెండోది పాల్ మెక్‌గ్రాత్ సంగతి. 1959లో లండన్‌లో పుట్టాడు. తల్లి ఐరిష్, తండ్రి నైజీరియా మనిషి. డబ్లిన్‌లో అనాథ శరణాలయాల్లో పెరిగాడు. జాక్ లాగే వెనక వరస ఆటగాడు, జాక్ కన్నా ఎంతో గొప్పవాడు. మోకాళ్ళు పాడయ్యాయి. తాగుడు పట్టుకుంది. మ్యాచి రోజున లేవలేని స్థితిలో వున్న సందర్భాలున్నాయి. ఆ సంగతులన్నీ అతనే తర్వాత తన పుస్తకంలో దాచుకోకుండా రాసుకున్నాడు. మాట వినని వాళ్ళని నిలబెట్టి కడిగే జాక్ ఇతణ్ణి ఒక్కసారీ వీధిలో పెట్టలేదు. పత్రికలవాళ్ళకి చిక్కకుండా కప్పిపుచ్చాడు. మళ్ళీ మళ్ళీ పిలిచి ఆడించాడు.

ఇది న్యాయమా? బుద్ధిగా ఆడిన బ్రాడీని పది నిమిషాలు ఓర్చుకోలేనివాడు, తాగి పడిపోయిన మెక్‌గ్రాత్‌ని ఏళ్ళ తరబడి ఓర్చుకున్నాడు. అందరికీ ఒకే నియమం వుండాలిగా అంటారు. పిల్లల్ని పెంచినవాళ్ళు ఆ మాట అంత తొందరగా అనరు. జ్వరం వచ్చినవాడికి పథ్యం, రానివాడికి ఆవకాయ. అందరికీ ఒకే వంట పెట్టడం సమానత్వం కావచ్చుగానీ తల్లితనం కాదు.

అయినా ఒక ములుకు మిగిలిపోతుంది. మెక్‌గ్రాత్ అంత గొప్ప ఆటగాడు కాకపోతే జాక్ అలాగే ఓర్చుకునేవాడా? నేను గట్టిగా అవునని చెప్పలేను. మన దయలో ఎంత భాగం దయ, ఎంత భాగం అవసరం అన్నది విడదీయడం పాలలో నీళ్ళు విడదీయడంలాంటిది. ఇంకొకటి కూడా వుంది. తాగొచ్చిన భర్త పొద్దున్న లేవకపోతే ఆఫీసుకి "జ్వరమండీ" అని కబురు పంపే ఇల్లాళ్ళు మన చుట్టూ ఎందరో. ఆ అబద్ధం అతన్ని నిలబెడుతోందా, ఇంకాస్త లోతుకి దింపుతోందా? జాక్ దయవల్ల మెక్‌గ్రాత్ తాగుడు మానలేదు. తర్వాత కూడా ఎన్నో ఏళ్ళు దాంతో పెనుగులాడాడు. అయితే దేశానికి 83 మ్యాచులు ఆడాడు. 1993లో ఇంగ్లండు ఆటగాళ్ళందరూ ఓట్లువేసి ఆ ఏటి మేటి ఆటగాడిగా ఎన్నుకున్నారు. తన తండ్రిలాంటివాడని జాక్ గురించి చెప్పుకున్నాడు. కప్పిపుచ్చడం తప్పు అని చెప్పడం నాకు సులువే. కానీ తల్లిదండ్రుల నీడ ఎరగనివాణ్ణి నలుగురి ముందూ నిలబెట్టి నిజం చెప్పించడం ఒప్పు అని చెప్పడానికి నోరు రావడంలేదు.

1994లో అమెరికా ఎండల్లో మెక్సికోతో మ్యాచి. ఆటగాళ్ళకి మంచినీళ్ళు అందనివ్వాలని జాక్ అంతకుముందు నుంచే పెద్దలతో పేచీ పడుతున్నాడు. బదులు ఆటగాణ్ణి దింపనివ్వకుండా ఒక అధికారి ఆలస్యం చేస్తే ఆయన మైదానం అంచున రంకెలు వేశాడు. జరిమానా వేశారు. తర్వాతి మ్యాచికి గీత దగ్గర కూచోనివ్వలేదు. అదే నోరు, అదే కోపం. 1970 నాటి నల్లపుస్తకంలో తనకి తగిలిన దెబ్బలున్నాయి. ఇక్కడ పిల్లల దాహం వుంది. ముల్లు మారలేదు, కంచె సరైన చోటికి వచ్చింది.

ఇంట్లో మాత్రం అదే కంచె గుచ్చుకుంది. తల్లికీ బాబీ కుటుంబానికీ ఎడం పెరిగింది. తల్లి పక్షాన నిలబడుతున్నాననుకుని జాక్ 1996లో తన ఆత్మకథలో ఆ ఇంటి గొడవ బయటపెట్టాడు. ఆవిడ కన్నుమూసింది కూడా ఆ ఏడే. ఒకే మంచంమీద పడుకుని పెరిగిన అన్నదమ్ములు చాలాకాలం మాట్లాడుకోలేదు. అతను రాసింది నిజమా కాదా అన్నది నాకు అనవసరం. కోడళ్ళ గురించీ అత్తల గురించీ అచ్చులోకి ఎక్కిన నిజం ఏ ఇంటినీ బాగుచెయ్యడం నేను చూడలేదు. 2008లో బీబీసీ వాళ్ళు బాబీకి జీవితకాల పురస్కారం ఇచ్చినప్పుడు అందించడానికి వేదికమీదికి వచ్చింది జాక్. తను చూసిన ఆటగాళ్ళందరిలోకీ తమ్ముడే గొప్పవాడన్నాడు. గుమ్మం దగ్గర నిలబడ్డ పిల్లాడు డెబ్భైమూడో ఏట లోపలికి వచ్చి కూచున్నట్టనిపించింది నాకు.

కంచెకి ముళ్ళే వుంటాయనుకుంటాంగానీ దానికీ దెబ్బలు తగులుతాయి. చివరి రోజుల్లో జాక్‌కి మతిమరుపు జబ్బు వచ్చింది. బాబీకీ వచ్చింది. 1966 నాటి జట్టులో మరి కొందరికీ వచ్చింది. ఆటగాళ్ళుగా జీవించినవాళ్ళకి ఇలాంటి మెదడు జబ్బులు ఎక్కువని గ్లాస్గో విశ్వవిద్యాలయంవాళ్ళు తేల్చారు. వెనక వరసలో ఆడినవాళ్ళలో మామూలు జనంకన్నా సుమారు అయిదు రెట్లు ఎక్కువని 2021లో ప్రకటించారు. తలతో బంతిని ఆపీ ఆపీ అని అనుమానం. ఫలానా మనిషికి ఇదే కారణమని ఎవరూ చెప్పలేరు. కానీ ఇరవై ఏళ్ళు ఆపినవాడికి దాని ఖరీదు ఏమిటని మనమెప్పుడూ అడగలేదన్నది మాత్రం నిజం.

ఆయన 2020 జూలై 10న, ఎనభైయ్యయిదో ఏట పోయాడు. బాబీ 2023లో వెళ్ళిపోయాడు. జాక్ చివరి నెలల మీద ఒక డాక్యుమెంటరీ సినిమా తీశారు. అందులో ఆయనకి పాత ఆటల దృశ్యాలు చూపిస్తారు. తను సాధించినవేవీ సరిగా గుర్తులేవు. తెరమీద ఒక మొహం కనబడగానే మాత్రం కళ్ళు వెలుగుతాయి. పేరుపెట్టి పిలుస్తాడు, పాల్ మెక్‌గ్రాత్ అని.

నల్లపుస్తకంలో వున్న పేర్లు ఏమయ్యాయో! బాకీలన్నీ తుడిచిపెట్టుకుపోయి, కాపాడిన ఒక్క పేరు మిగిలింది. ఇది అందరికీ జరుగుతుందని నేను చెప్పను. కోపాలు గుర్తుండి, కన్నబిడ్డల పేర్లు మరిచిపోయిన పెద్దవాళ్ళనూ చూశాం. ఎవరికి ఏది మిగులుతుందో మన చేతుల్లో లేదు. ఎవరికోసం కటువుగా వుండాలన్నది మాత్రం కొంత మన చేతుల్లోనే వుంది.

కాబట్టి ఇకమీదట ఎవరైనా "మనిషి కటువేగానీ మనసు వెన్నండీ" అంటే నేను వెన్న గురించి అడగదలచుకోలేదు. రెండు మాటలు అడుగుతాను. ఆ కటువు తనకోసమా, తన వెనక వున్నవాళ్ళకోసమా? చెప్పాల్సిన కఠినమైన మాట చెప్పడానికి ఆ మనిషి ఒక్క పది నిమిషాలు ఆగుతారా? ఈ రెంటికీ మంచి జవాబు వస్తే అమ్మాయిని ఆ ఇంటికి నిశ్చింతగా పంపవచ్చు.